మూసి ఉండాలి

శ్రీహరికోట,
ఆదివారం రాత్రి.

చిరంజీవి లావణ్యకు మామ ఆశీస్సులు.

పులికాట్‌లో నీళ్ళు బాగా చేరాయి. సూళ్ళూరుపేట నుంచి వచ్చే రోడ్డుకు రెండు పక్కలా ఫ్లెమింగోలు దిగినాయి. మీ అత్త నిన్ను చూడాలని ఒకటే గొడవ, పండక్కన్నా రమ్మంటోంది.

నువ్వు వాట్సాప్‌లో పంపిన మీ ఫ్యాక్టరీ పనివిధానం పదకొండు పేజీలూ ప్రింటు తీసుకొని చదివాను. "మామా, మా లైనుకు ఎస్‌ఓపీ నన్నే రాయమన్నారు, ఇంగ్లీషు కాస్త చూసి రేపటికల్లా చెప్పాల" అన్నావు. రేపటికల్లా కాలేదు, నాలుగు రోజులు పట్టింది. ఫోన్లో చెబుదామంటే మూడో మాటకే "సరే మామా, సరే మామా" అని పెట్టేస్తావు. అందుకే ఉత్తరం.

శ్రీసిటీలో చేరి ఆరు నెలలు కాకముందే ఈ పని నీ చేతికి ఇచ్చారంటే మీ సారుకు నీ మీద గురి ఉన్నట్టే. స్పెల్లింగులు బాగున్నాయి. వాక్యాలు పొట్టిగా ఉన్నాయి, అదీ మంచిదే. నన్ను నాలుగు రోజులు కూర్చోబెట్టింది వేరే సంగతి. పెన్సిలు పట్టుకొని లెక్కపెట్టాను. మస్ట్ 63 సార్లు, షుడ్ 40 సార్లు. షల్ ఒకే ఒక్కసారి, అదీ ఎక్కడినుంచో ఎత్తిపెట్టిన లైనులాగుంది. ఏ మస్టు ఏ పనికి వాడావో నీకే తెలియదని నా అనుమానం. కోప్పడకు. నీ వయసులో నాకూ తెలియదు. తెలియకపోతే ఏమైందో ముందు చెప్తాను.

ఇక్కడికి రాకముందు, 1988లో, డిప్లొమా పట్టుకొని మద్రాసు దగ్గర ఒక చిన్న రసాయనాల ఫ్యాక్టరీలో చేరాను. రాత్రి షిఫ్టు దిగేటప్పుడు వచ్చే షిఫ్టు వాళ్ళకోసం లాగ్‌బుక్కులో నాలుగు మాటలు రాసిపెట్టి పోవాలి. ఆ రోజు ఒక ట్యాంకు నిండుతూ ఉంది. ఆరున్నరకు నిండుతుంది, అప్పుడు వాల్వు మూయాలి. నా షిఫ్టు ఆరింటికే అయిపోతుంది. నేను రాసింది ఇది: 'ఇన్‌లెట్ వాల్వ్ మస్ట్ బి క్లోజ్‌డ్ బై సిక్స్ థర్టీ.' ఆరున్నరకు మూసేయండయ్యా అని నా ఉద్దేశం. తర్వాత వచ్చినాయన ముందు పక్క సెక్షన్లో ఏదో పని చూసుకొని, ఆరూ నలభైకి పుస్తకం తెరిచాడు. 'ఆరున్నరకల్లా మూసేసే ఉంటారులే' అని చదువుకున్నాడు. టీకి పోయాడు. ట్యాంకు పొర్లింది. మనుషులకు ఏమీ కాలేదు, వెంకన్న దయ. నేలపాలైన సరుకు ఖరీదు నా అయిదు నెలల జీతం.

విచారణలో ఇద్దరినీ పక్కపక్కన నిలబెట్టారు. ఆయన నన్ను తిట్టాడు, నేను ఆయన్ను తిట్టాను. చిత్రమేమంటే ఇద్దరిలో ఎవరికీ ఇంగ్లీషు రాకపోవడం కాదు. ఆ వాక్యంలో ఆ రెండు అర్థాలూ నిజంగానే ఉన్నాయి. రాత్రి గదికొచ్చి తెలుగులో చెప్పి చూసుకున్నాను: 'వాల్వు మూసి ఉండాలి.' మన మాటలోనూ అదే తిరకాసు! పడుకోబోయే ముందు "గ్యాసు మూసి ఉండాల" అని మీ అమ్మ అంటే అది ఆజ్ఞ. తిరుపతి బస్సెక్కినాక గుర్తొచ్చి "గ్యాసు మూసే ఉండాలే..." అని అదే మీ అమ్మ అంటే అది అనుమానం. ఇంట్లో గొంతు పట్టి తెలిసిపోతుంది. లాగ్‌బుక్కులో గొంతు వినబడదు. ఆ రోజు నుంచి 'మస్ట్ బి' అనే జంట నా చేతిరాతలో కనబడలేదు. నీ తొమ్మిదో పేజీలో 'ది బెల్ట్ మస్ట్ బి టైట్' అని చూడగానే నాకు ఆ ట్యాంకే కళ్ళ ముందుకొచ్చింది. బెల్టు బిగించమంటున్నావా? బిగువుగా ఉందో లేదో చూడమంటున్నావా? బిగువుగానే ఉంటుంది, పొమ్మంటున్నావా?

మన 'ఆలి' ఎంత బరువు మోస్తుందో ఎప్పుడైనా గమనించావా? కాఫీ కావాలి అంటే కోరిక. రక్తం కావాలి అంటే అవసరం. పన్ను కట్టాలి అంటే చట్టం. వాన పడాలి అంటే మొక్కు. వాడు ఈపాటికి రేణిగుంట దాటి ఉండాలి అంటే ఊహ. సంతకం పెట్టాలి సార్ అంటే బతిమాలుకోవడం. అన్నిటికీ మూలం 'వలయు' ఒకటే. కోరుకోవడానికీ తప్పనిసరి కావడానికీ మనకు ఒకే మాట. తమిళంలో వేణుం, మలయాళంలో వేణం కూడా ఇంతే. మా క్యాంటీన్లో ఒకే టేబులు దగ్గర ఈ మూడు భాషలూ భోంచేస్తాయి కాబట్టి ఈ సంగతి మీద మాకు చాలాసార్లు కబుర్లు సాగాయి. హిందీ ఆయన ఒకడు ఉంటే నవ్వుతాడు. వాళ్ళకు జానా చాహియే, జానా హై, జానా పడేగా అని మూడు మెట్లు ఉన్నాయి. వెళ్తే మంచిది, వెళ్ళే పని ఉంది, ఇష్టం లేకున్నా వెళ్ళక తప్పదు.

మనకు మెట్లు లేవని కాదు, క్రియ వెనకాల దాచిపెట్టుకున్నాం. వెళ్ళాల్సింది అంటే వెళ్ళలేదని అర్థం. వెళ్ళాల్సి వచ్చింది అంటే వెళ్ళినట్టే. వెళ్ళి ఉండాలి అంటే ఊహ. ఇంగ్లీషులో ఇవి షుడ్ హ్యావ్ గాన్, హ్యాడ్ టు గో, మస్ట్ హ్యావ్ గాన్. ఏదైనా పాడైనప్పుడు నువ్వు రాసే రిపోర్టులో ఈ మూడే ప్రాణం. 'ఫిల్టర్ షుడ్ హ్యావ్ బీన్ చేంజ్‌డ్' అంటే ఎవరో మార్చలేదని చెబుతున్నావు. 'మస్ట్ హ్యావ్ బీన్ చేంజ్‌డ్' అంటే మార్చారని నువ్వు ఊహిస్తున్నావు. ఒక్క మాట తేడాతో తప్పు ఒకరి మెడకు చుట్టుకుంటుంది, లేదంటే ఊడిపోతుంది. రిపోర్టు రాసేటప్పుడు ముందు తెలుగులో అనుకో, తర్వాత ఇంగ్లీషులో పెట్టు. మన క్రియలు ఈ విషయంలో చాలా నిక్కచ్చి.

ఇంగ్లీషు వాళ్ళ మాటల పుట్టుక కూడా తమాషాగా ఉంటుంది. షల్ అంటే పాత ఇంగ్లీషులో బాకీపడి ఉండటం. ఆట్ అనేది బాకీ అనే అర్థమున్న 'ఓ' క్రియకు పాత భూతకాలం. వాళ్ళకు విధి అంటే అప్పు! మస్ట్ సంగతి ఇంకా విచిత్రం. దాని పాత రూపానికి అనుమతి ఉండటం అని అర్థం. పోవచ్చు అనే మాట కొన్ని వందల ఏళ్ళలో పోవాలి అయి కూర్చుంది. మన ఆఫీసుల్లో సర్క్యులర్లు కూడా అట్లాగే ముదురుతుంటాయి, అది వేరే సంగతి.

ఇప్పుడు మీ ఫ్యాక్టరీకి పనికొచ్చే మాట. ఇళ్ళల్లో, కథల్లో ఈ మాటలు ఎట్లా తిరిగినా ఫరవాలేదు గానీ, ప్రమాణాలు రాసేవాళ్ళు మాత్రం వాటిని కట్టేశారు. ఐఎస్‌ఓ వాళ్ళ నియమాల్లో షల్ అంటే తప్పనిసరి, షుడ్ అంటే సిఫారసు, మే అంటే అనుమతి, కెన్ అంటే సాధ్యం. షల్‌కు బదులు మస్ట్ వాడొద్దంటారు. మస్ట్‌ను చట్టం లాంటి బయటి నిర్బంధాలకు విడిచిపెట్టారు. నాసా వాళ్ళు షల్ రాస్తే అది కచ్చితంగా నెరవేర్చాల్సింది, షుడ్ రాస్తే ఆశించేది, విల్ రాస్తే జరగబోయే సంగతి మాత్రమే. ఇంటర్నెట్ నియమాలకు 1997 మార్చిలో స్కాట్ బ్రాడ్నర్ అనే ఆయన ఇలాంటి నిఘంటువే రాశాడు. అందులో మస్ట్, షల్ ఒకటే. తర్వాత తేలిన చిక్కేమంటే, మామూలు ధోరణిలో వాడిన మస్ట్‌ను కూడా జనం ఆజ్ఞగా చదువుకుంటున్నారు. దాంతో 2017లో ఇంకో కాగితం తెచ్చి, పెద్ద అక్షరాల్లో రాస్తేనే ఆ ప్రత్యేకార్థం అని తేల్చారు. చూశావా, చదివిన వాళ్ళకే అంత అవస్థ. నువ్వు మొదటి పేజీలోనే ఒక చిన్న డబ్బా కట్టి, ఈ కాగితంలో షల్ అంటే ఇది, షుడ్ అంటే ఇది అని రాసిపెట్టు. మస్ట్ అసలు వద్దు.

ఏది ఎక్కడ వాడాలో తేలకపోతే ఒక్క ప్రశ్న వేసుకో: ఈ పని చేయకపోతే నేను లైను ఆపుతానా? ఆపుతానంటే షల్. ఆపను గానీ ఎందుకు చేయలేదని అడుగుతానంటే షుడ్. అడగను కూడా అంటే మే, లేదంటే ఆ లైనే తీసేయ్. నీ 63 మస్టుల్లో ఇరవైకి మించి షల్ కాలేవు. అన్నీ తప్పనిసరి అని రాస్తే ఆపరేటరు అన్నిటినీ కొట్టిపారేస్తాడు. వాడి తప్పు కాదది.

అయిదో పేజీలో మాత్రం దీనికి తిరగబడింది. 'మెషీన్ షుడ్ బి స్విచ్డ్ ఆఫ్ బిఫోర్ క్లీనింగ్' అన్నావు. శుభ్రం చేసేముందు మిషను ఆపడం సిఫారసా పాపా? చేతివేళ్ళ సంగతి! అది షల్. పైగా ఎవరు ఆపాలి? ఆపరేటరు అనుకుంటాడు మెయింటెనెన్సు వాళ్ళు ఆపుతారని, వాళ్ళు అనుకుంటారు ఆపరేటరు ఆపాడని. స్విచ్ కట్టేసి, తాళం వేసి, ట్యాగు తగిలించే మనిషి ఎవరో రాయి. ఇంకా మంచి దారి, వరసగా చేసే పనుల దగ్గర ఈ సహాయక్రియలన్నీ తీసేసి నేరుగా 'స్విచ్ ఆఫ్ ది మెషీన్' అనడమే. వంట చెప్పేటప్పుడు మీ అవ్వ "ఉప్పు వేయబడవలెను" అనిందా ఎప్పుడైనా? "ఉప్పెయ్యి" అనేది, అంతే.

ఇక కాదు, లేదు, కూడదు సంగతి. మనవాళ్ళు ఎక్కువగా దొర్లేది ఇక్కడే. మూడో పేజీలో డ్రిల్లింగ్ మిషను దగ్గర 'గ్లవ్స్ మస్ట్ నాట్ బి వోర్న్' అన్నావు. సరే, తిరిగే బిట్టు గ్లవ్సును పట్టి లాగితే చెయ్యి పోతుంది, అక్కడ వేసుకోకూడదు. ఏడో పేజీలో ప్యాకింగ్ దగ్గర కూడా అక్షరం పొల్లుపోకుండా అదే వాక్యం! అట్టపెట్టెలు మడిచేచోట గ్లవ్స్ వేసుకుంటే ఏం పాపం? నీ మనసులో ఉన్నది వేసుకోనక్కర్లేదు. అది నీడ్ నాట్, లేదా డు నాట్ హ్యావ్ టు. తెలుగులో కూడదు, అక్కర్లేదు అని రెండు వేరు మాటలు పుట్టుకతోనే ఉన్నాయి. ఇంగ్లీషులో మస్ట్ పక్కన నాట్ చేరితే అది కూడదే అవుతుంది. మస్ట్‌ను రద్దు చేయాలంటే మాట మార్చుకోవాలి. అట్లాగే పదో పేజీలో 'విజిటర్స్ మే నాట్ ఎంటర్' అన్నావు. రాకూడదనా, రాకపోవచ్చుననా? ఐఎస్‌ఓ వాళ్ళు నిషేధానికి మే నాట్ వాడొద్దని చెప్పింది ఇందుకే. షల్ నాట్ రాయి.

కూడదుకూ ఫరవాలేదుకూ మధ్య దూరం ఎంతో శ్రీహరికోటకు బాగా తెలుసు. 1979 ఆగస్టు 10న ఎస్‌ఎల్‌వీ-3 రాకెట్ మొదటి ప్రయోగం. నేను ఎనిమిదో తరగతి. ఆ రోజు ప్రయోగానికి కొద్ది నిమిషాల ముందు కంప్యూటర్ ఆపమంది. రెండో దశ నియంత్రణ వ్యవస్థలో లీకు కనబడింది. నిపుణులు లెక్కలు వేసి నిల్వ చాలినంత ఉంది, పోవచ్చు అన్నారు. ప్రాజెక్టు డైరెక్టరు అబ్దుల్ కలాం గారు కంప్యూటర్ మాట పక్కనబెట్టి ప్రయోగానికి సరే అన్నారు. మొదటి దశ బాగా పోయింది, రెండో దశలో అదుపు తప్పింది, బంగాళాఖాతంలో పడింది. ఆయనే తర్వాత ఎన్నో సభల్లో ఈ సంగతి చెప్పుకున్నారు. జనం ఎప్పుడూ ఆ తర్వాతి ప్రెస్‌మీట్ కథే చెప్తారు, అప్పటి ఇస్రో అధిపతి సతీష్ ధవన్ గారు ఓటమి తన నెత్తిన వేసుకున్నారని. గొప్ప కథే. నాకు మాత్రం ఆ ముందరి నిమిషాలే ముఖ్యం. యంత్రం చెప్పింది పోకూడదు అని. మనుషులు విన్నది ఆగితే మంచిదేమో అని. షల్ నాట్‌ను షుడ్ నాట్‌గా చదువుకున్నారు. ఏడాది తిరక్కుండానే, 1980 జూలై 18న, అదే రకం రాకెట్ రోహిణి ఉపగ్రహాన్ని కక్ష్యలో పెట్టింది.

నేను ఇక్కడి రాకెట్ కేంద్రంలో చేరిన తర్వాత చూసినవి వేరుగా జరిగాయి. 2001 మార్చి 28న మొదటి జీఎస్‌ఎల్‌వీ. పక్క ఇంజన్లు అంటుకున్నాయి, ఒకదానికి రావాల్సినంత తోపు రాలేదు, కంప్యూటర్ ఆ చివరి క్షణంలో ఆపేసింది. ఎవరూ దాంతో వాదించలేదు. ఏప్రిల్ 18న పోయింది. చంద్రయాన్-2ను 2019 జూలై 15 తెల్లవారుజామున 56 నిమిషాల ముందు ఆపారు, 22న పోయింది. 2023 అక్టోబరు 21న గగన్‌యాన్ టెస్ట్ వాహనం 5 సెకన్ల ముందు ఆగింది, కారణం చూసుకొని పదింటికి ఎగిరింది. టీవీలో చూసేవాళ్ళు ఉస్సూరుమంటారు. ఆగితే మాకు ధైర్యం. లెక్క హద్దు దాటితే ఆగాలి అని ముందే రాసిపెట్టిన షల్ ఒకటి పని చేసిందని అర్థం.

అట్లాగని షల్ రాసి చేతులు దులుపుకుంటే కుదరదు. 1999 సెప్టెంబరులో నాసా అంగారకుడి దగ్గర ఒక నౌకను పోగొట్టుకుంది. లెక్కలు మెట్రిక్ కొలతల్లో ఇవ్వాలని కాగితంలో ఉండనే ఉంది. ఒక సాఫ్ట్‌వేర్ పౌండ్లలో ఇచ్చింది, ఎవరూ పట్టుకోలేదు. కాబట్టి నువ్వు రాసే ప్రతి షల్ పక్కనా అది జరిగిందో లేదో ఎవరు, ఎప్పుడు, దేంతో చూస్తారో ఒక గడి పెట్టు.

బావ టీచరు కదా, ఈ ముక్క ఆయనకు చదివి వినిపించు. రాజ్యాంగం 45వ అధికరణంలో పద్నాలుగేళ్ళ వరకు పిల్లలందరికీ ఉచిత నిర్బంధ విద్య పదేళ్ళలో అందేలా చూడాలని 1950లోనే రాశారు. షల్ అనే రాశారు, కానీ దాని పక్కన ఎండీవర్ అని ఒక మాట చేర్చారు. అందించాలి కాదు, అందించడానికి ప్రయత్నించాలి. 1960 వచ్చింది, పోయింది. ప్రయత్నిస్తూనే ఉన్నాం. 1993లో ఉన్నికృష్ణన్ వర్సెస్ ఆంధ్రప్రదేశ్ కేసులో సుప్రీంకోర్టు పద్నాలుగేళ్ళ వరకు చదువు ప్రాథమిక హక్కేనంది. 2002లో 86వ సవరణతో 21ఏ అధికరణం వచ్చింది, ఆరు నుంచి పద్నాలుగేళ్ళ పిల్లలకు రాజ్యం షల్ ప్రొవైడ్ అని. ఎండీవర్ పోవడానికి 52 ఏళ్ళు. దాని అమలుకు చేసిన చట్టం 2010 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చింది. నీ కాగితంలో 'ట్రై టు', 'యాజ్ ఫార్ యాజ్ పాసిబుల్' ఎక్కడున్నాయో ఈసారి నువ్వే వెతుక్కో. నాకు నాలుగు దొరికాయి. కోర్టుల్లో షల్‌కు కూడా ఎప్పుడూ ఒకే బరువు ఉండదని తెలుసుకో. పబ్లిక్ సర్వీస్ కమిషన్‌ను సంప్రదించాలి అని 320వ అధికరణంలో షల్ ఉన్నా, అది సూచనే గానీ, సంప్రదించనంత మాత్రాన చర్య చెల్లకుండా పోదని సుప్రీంకోర్టు 1957లో తేల్చింది. మీ ఫ్యాక్టరీలో అంత తీరిక ఉండదు కాబట్టి సందు లేకుండా రాయి.

చివరి పేజీ చివరి లైను చూసి నవ్వొచ్చింది. 'ఇన్ కేస్ ఆఫ్ ఎనీ ప్రాబ్లమ్, కైండ్లీ డు ది నీడ్‌ఫుల్.' అవసరమైనది చేయండి! ఏది అవసరమో చెప్పడానికే కదా అమ్మా ఈ పదకొండు పేజీలు. మన తెలుగు ఆఫీసు ఉత్తరాల్లో 'తగు చర్య తీసుకోవలసిందిగా కోరడమైనది' అనేదానికి ఇది అక్క. కోరిందెవరు, చేయాల్సిందెవరు, చర్య ఏమిటి, మూడూ ఉండవు. అది కొట్టేసి, ఎర్ర బటన్ నొక్కి సూపర్‌వైజర్‌ను పిలవమని రాయి.

ఇంకొక్కటి, ఎస్‌ఓపీలోది కాదు. నువ్వు మీ సారుకు పెట్టిన మెయిలు కూడా కింద జతచేశావు, పొరపాటునో ఏమో. 'యు మస్ట్ అప్రూవ్ దిస్ టుడే సార్' అని ఉంది. "మీరు ఈరోజే ఓకే చేయాలి సార్" అని నీ మనసులో మర్యాదగానే ఉంది, మన 'మీరు', 'సార్' ఆ ఆలిని మెత్తబరుస్తాయి. ఇంగ్లీషు మస్ట్‌ను సార్ అనే మాట మెత్తబరచలేదు. అది పైవాడు కిందివాడికి వేసే హుకుం. 'కుడ్ యు ప్లీజ్ అప్రూవ్ దిస్ టుడే' అను. పెళ్ళికి పిలిచేటప్పుడు మాత్రం యు మస్ట్ కమ్ అనొచ్చు, అక్కడ మస్ట్‌లో ప్రేమ ఉంటుంది. ఆ పిలుపు నీ దగ్గర్నుంచి ఎప్పుడొస్తుందో అని మీ అమ్మ నన్ను అడుగుతోంది, నేనేం చెప్పేది!

మార్చాల్సిన చోట్లన్నీ పెన్సిలుతో గీతలు పెట్టి, ఆ పేజీలు ఈ కవరులోనే పెడుతున్నాను. అయిదు, ఏడు, తొమ్మిది ముందు సరిచేయి, మిగతావి తర్వాత. తిరగరాసినాక షిఫ్టులో అందరికంటే తక్కువ ఇంగ్లీషు తెలిసిన ఆపరేటరుకు ఇచ్చి, ఏం అర్థమైందో తెలుగులో చెప్పమను. వాడు తడబడిన చోట నువ్వు మళ్ళీ రాయి. బుధవారం లోపల నాకు పంపు. గురువారం నుంచి ప్రయోగం డ్యూటీ, ఫోను నా దగ్గర ఉండదు.

మీ మామ